స్కేల్ కప్లర్ ఓకే బ్రో, కానీ దేనికి స్కేల్?

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల మధ్యలో ఈ బొమ్మ రైలు గోల ఏంటి అని కొందరికి అనిపించొచ్చు. నిజానికి ఇది కూడా పోర్టు గొడవే. ఐఫోన్‌లో లైట్నింగ్ ఉండాలా, యూఎస్‌బీ-సి రావాలా అని మనం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. 2012లో వచ్చిన లైట్నింగ్ 2023లో ఐఫోన్ 15తో పక్కకు జరిగింది. 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సి తప్పనిసరి అయింది. మోడల్ రైళ్లలో కూడా అదే కథ నడుస్తోంది, కాకపోతే ఇక్కడ తీర్పు చెప్పడానికి యూరోపియన్ యూనియన్ లేదు. రెండు డబ్బాలను కలిపే ఆ చిన్న కొక్కెం, అంటే కప్లర్, ఏది వాడాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

నిజామాబాద్‌లో మోడల్ రైళ్లు నడిపేవాళ్లం, నాకు తెలిసి, నలుగురం ఉన్నాం. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ప్లైవుడ్ పలకలు కలిపి, పట్టాలు పరిచి, ఎవరి డబ్బాలు వాళ్లు తెచ్చి ఒకటే బండి కట్టి తిప్పుతాం. కొన్ని నెలల నుంచి మా గ్రూప్‌లో ఒకటే పాట: "అన్నా, అన్నిటికీ స్కేల్ కప్లర్లు ఏసేద్దాం. పాతవి ఆట బొమ్మల లెక్క కనిపిస్తున్నయ్." నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అన్నిటికీ వద్దు. ఖర్చు ఒక కారణమే కానీ అసలు కారణం అది కాదు. మన ఇండియన్ రైళ్ల విషయంలో ఆ ‘స్కేల్’ అనే మాట సగమే నిజం. ఆ మిగతా సగం ఏంటో లెక్కలతో చూపిస్తా.

అసలు ఏం మారింది?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మేం వాడేది హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఈ సైజులో కప్లర్ అంటే ప్రపంచమంతా ముందు చెప్పే పేరు కేడీ. అమెరికాలోని ఒరెగాన్ కంపెనీ. కీత్, డేల్ అనే కవల అన్నదమ్ములు పెట్టారు, ఆ ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలే కంపెనీ పేరు. వాళ్ల నంబర్ 5 కప్లర్ ఎంత పాపులర్ అంటే, దశాబ్దాలుగా అదే అనధికార స్టాండర్డ్. చిన్న పిడికిలి లాంటి తల, దాని పక్కన వెంట్రుకంత స్ప్రింగ్, కింద వంపు తిరిగిన ఇనుప తీగ. రెండు డబ్బాలు మెల్లగా తాకిస్తే పిడికిళ్లు పట్టుకుంటాయి. పట్టాల మధ్య అయస్కాంతం ఉన్న చోట ఆపితే ఆ తీగలు పక్కకు లాగబడి పిడికిళ్లు విడిపోతాయి. చెయ్యి పెట్టే పనే లేదు. 1990లలో దీని పేటెంట్ గడువు తీరాక వేరే కంపెనీల ప్లాస్టిక్ కాపీలు కూడా వచ్చాయి.

దీనికి ఉన్న ఒకే ఒక్క మైనస్, తల అసలు సైజు కంటే కొంచెం పెద్దది. అందుకే అదే కంపెనీ నంబర్ 58 తెచ్చింది. తల నిజమైన కొలతకు దగ్గరగా ఉంటుంది, పాత నంబర్ 5తో కూడా కలుస్తుంది. తర్వాత స్ప్రింగ్ ప్లేట్ బదులు మీసాల్లాంటి తీగలతో నంబర్ 158, తలతోపాటు దాన్ని బిగించే పెట్టెను కూడా చిన్నది చేసి నంబర్ 78 వచ్చాయి. వీటన్నిటికంటే ఒక మెట్టు పైన సార్జెంట్ కప్లర్ ఉంది. దాన్ని చూస్తే ఇంజనీరింగ్ చదివిన ఎవడైనా పడిపోతాడు. అసలు రైల్వే కప్లర్ లాగే పిడికిలి తెరుచుకుని మూసుకుంటుంది, లోపల ఒక బుల్లి ఉక్కు గోళీ జారి పడి లాక్ చేస్తుంది, పైనుంచి అయస్కాంతం పుల్ల చూపిస్తే గోళీ లేచి లాక్ విడిపోతుంది. అదంతా 87వ వంతు సైజులో. సమస్య ఏంటంటే అది కేడీతో కలవదు. అస్సలు కలవదు.

మరి ఇన్నేళ్లు ఎవరికీ అభ్యంతరం లేని నంబర్ 5 ఇప్పుడే ఎందుకు బొమ్మలా కనిపిస్తోంది? నా దృష్టిలో దోషి మన ఫోనే. రెండడుగుల దూరం నుంచి కంటితో చూస్తే నంబర్ 5కీ 58కీ తేడా పట్టడం కష్టం, ఎందుకంటే అది మిల్లీమీటరు కంటే తక్కువ. అదే ఫోన్ మాక్రో మోడ్‌లో డబ్బా కొసకు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోయి తీస్తే, కప్లర్ ఫ్రేమ్‌లో పావు వంతు ఆక్రమిస్తుంది. ఇన్‌స్టాలో పెట్టే ఫొటో అదే. అంటే మనం రైలును రైలులా చూడడం మానేసి మాక్రో లెన్స్‌తో చూస్తున్నాం. 200 మెగాపిక్సెల్ కెమెరా కొని వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే వాళ్లను చూసి నవ్వుకునే మనమే ఇక్కడ ఆ పని చేస్తున్నాం.

మన పట్టాల లెక్క వేరే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్కేల్ కప్లర్ అమెరికన్ రైలుకు స్కేల్. వాళ్ల పట్టాలు 1435 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది, మనం కొనే పట్టాలకు కరెక్ట్‌గా సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. 87తో భాగిస్తే 19.2 మి.మీ. రావాలి. మనం నడిపేది 16.5 మీద. అంటే నిజామాబాద్ స్టేషన్లో మనం చూసే బాక్స్‌ఎన్ వ్యాగన్‌ను ఎంత పక్కాగా ప్రింట్ చేసినా, దాని కాళ్లు దాదాపు 14 శాతం దగ్గరికి జరిగి ఉంటాయి. 2.7 మి.మీ. తేడా. దాన్ని పట్టించుకోకుండా మిల్లీమీటరు లోపు ఉండే కప్లర్ తల గురించి కొట్టుకోవడం ఎలా ఉందంటే, ఫోన్ స్క్రీన్ పగిలి ఉంటే స్క్రీన్ గార్డ్ బ్రాండ్ గురించి రీసెర్చ్ చేసినట్టుంది.

(సరదాగా ఒక లెక్క: 16.5 మి.మీ. పట్టాలే మన బ్రాడ్ గేజ్‌కు కరెక్ట్ కావాలంటే స్కేల్ 1:87 కాదు, సుమారు 1:101.6 కావాలి. అప్పుడు డబ్బాలు చిన్నవై, ‘స్కేల్’ కప్లర్ మళ్లీ పెద్దదై కూర్చుంటుంది.)

సరే, గేజ్ సంగతి ఇండియాలో మోడల్స్ చేసే వాళ్లంతా ఒప్పుకున్న రాజీ, వదిలేద్దాం. ఎత్తు చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే పెద్ద పాయింట్. అమెరికాలో కప్లర్ మధ్య భాగం పట్టా పైనుంచి 34.5 అంగుళాల ఎత్తులో ఉంటుంది, అంటే 876 మి.మీ. హెచ్‌ఓలో అది సుమారు 10 మి.మీ. కేడీ వాళ్ల హైట్ గేజ్ కొలిచేది ఈ ఎత్తునే. మన బ్రాడ్ గేజ్‌లో ఆ ఎత్తు ఖాళీ బండికి గరిష్ఠంగా 1105 మి.మీ., లోడ్ బండికి కనిష్ఠంగా 1030 మి.మీ. స్కేల్‌లో చూస్తే 11.8 నుంచి 12.7 మి.మీ. అంటే స్కేల్ కప్లర్‌ను స్టాండర్డ్ ఎత్తులో బిగిస్తే, అది ఉండాల్సిన చోటు కంటే దాదాపు రెండున్నర మి.మీ. వరకు కిందకు వేలాడుతుంది. తల సైజు కరెక్ట్, తల ఉన్న చోటు తప్పు. ఫొటోలో ఏదో తేడాగా ఉంది అనిపించడానికి సగం కారణం ఇదే. దాన్ని తల సైజు మీదికి నెట్టేస్తున్నాం.

పైకి జరిపి బిగిద్దాం అంటారా? బిగించొచ్చు. కానీ బయట కొన్న ఇంజన్ కప్లర్ 10 మి.మీ. దగ్గరే ఉంటుంది. అప్పుడు మీ డబ్బాను మీ ఇంజనే లాగలేదు.

ఇంకోటి, వంపులు. రైల్వేలో బ్రాడ్ గేజ్ మీద 10 డిగ్రీల వంపు చాలా గట్టి వంపు, దాని వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్‌ఓలో రెండు మీటర్లు. అంటే ఒక పూర్తి వృత్తం తిప్పాలంటే గదికి నాలుగు మీటర్లకు పైగా వెడల్పు కావాలి. మనం వాడేది 18 అంగుళాల వంపు, 457 మి.మీ. నిజంలో అది 40 మీటర్లు! అలాంటి వంపులో ఏ ఎల్‌హెచ్‌బీ కోచ్ కూడా తిరగదు. దాదాపు 24 మీటర్ల కోచ్ మన స్కేల్‌లో 27 సెంటీమీటర్లు దాటుతుంది. మన టేబుల్ మీద అది తిరిగేటప్పుడు కొసలు ఎంత బయటకు పోతాయో చూసే ఉంటారు. అంత పక్కకు ఊగాలంటే కప్లర్‌కు చోటు కావాలి. నంబర్ 5 తల పెద్దగా, పెట్టె వెడల్పుగా ఉండడం వెనుక లాజిక్ అదే. అది నిర్లక్ష్యం కాదు, టాలరెన్స్. 78లో పెట్టెను చిన్నది చేస్తే ఊగే చోటు తగ్గుతుంది, టైట్ వంపులో డబ్బా పక్కకు లాగబడి పట్టాలు తప్పుతుంది. తల చిన్నదైతే పైకీ కిందకీ కూడా పట్టు తగ్గుతుంది. ప్లైవుడ్ పలకలు కలిసే చోట ఒక మి.మీ. ఎత్తుపల్లాలు ఉన్నా బండి మధ్యలో తెగిపోవచ్చు. పాలిష్ బండలు కూడా సమానంగా ఉండని ఇళ్లలో, 45 డిగ్రీల ఎండకు ప్లైవుడ్ వంకర తిరిగే మన ఊర్లో ఇది చిన్న విషయం కాదు.

అందుకే మాలో ఎవరైనా "ప్లాస్టిక్ కాపీ చీప్‌గా దొరుకుతోంది కదా" అంటే కూడా నేను ఒప్పుకోను. స్ప్రింగ్ బదులు ప్లాస్టిక్ పుల్లే పనిచేసే రకాలు కొన్ని ఉన్నాయి. కొంతకాలం వంగి వంగి ఆ పుల్ల బిగువు పోతుంది. మెటల్ స్ప్రింగ్ ఉన్నదే తీసుకోండి, తల సైజు ఏదైనా సరే.

కప్లర్ ఒక ఒప్పందం

మనం వాడే ఈ పిడికిలి డిజైన్ ఎలై జానీ అనే అమెరికన్‌ది, 1873లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు అక్కడ రెండు డబ్బాల మధ్య మనిషి నిలబడి, ఇనుప లంకెలో మేకు దింపేవాడు. వేళ్లు, చేతులు పోయేవి, ప్రాణాలూ పోయేవి. ఇంత మంచి డిజైన్ వచ్చాక రైల్వే కంపెనీలన్నీ పరుగెత్తుకుంటూ మార్చుకున్నాయా? లేదు. 1893లో అమెరికా ప్రభుత్వం సేఫ్టీ అప్లయన్స్ చట్టం తెచ్చి తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఎందుకు? ఒక కంపెనీ ఒక్కటే మార్చుకుంటే పక్క కంపెనీ డబ్బాలతో కలవదు కాబట్టి. ఎంత గొప్ప కప్లరైనా అవతలి డబ్బాకు అదే ఉంటేనే పనికొస్తుంది.

మన ఇండియన్ రైల్వేస్ చేసింది ఇంకా ఇంట్రెస్టింగ్. పెరంబూరు ఐసీఎఫ్‌లో 1955 నుంచి తయారైన కోచ్‌లకు స్క్రూ కప్లింగ్, రెండు వైపులా బఫర్లు. 2000 ప్రాంతంలో జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ డిజైన్ వచ్చింది, దానికి మధ్యలో ఒకే కప్లర్, పక్కన బఫర్లు లేవు. ఐసీఎఫ్ పాత డిజైన్ తయారీ ఆపింది 2018లో. ఈ మధ్యలో ఉన్న కాలమంతా రెండు రకాలూ ఒకే లైన్ మీద తిరిగాయి. మరి ఇంజన్ దేనికి తగులుకోవాలి? రెంటికీ! మన ఇంజన్ల ముందు జాగ్రత్తగా చూడండి: మధ్యలో పిడికిలి కప్లర్, దానికి వేలాడుతూ ఒక స్క్రూ కప్లింగ్, పక్కన బఫర్లు. దాన్ని ట్రాన్సిషన్ కప్లింగ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే డాంగిల్. హెడ్‌ఫోన్ జాక్ తీసేసి డబ్బాలో ఒక డాంగిల్ పెట్టిచ్చినట్టు. లక్షల మందిని మోసే సంస్థే రాత్రికి రాత్రి మార్చలేదు, డాంగిల్‌తో దశాబ్దాలు నెట్టుకొచ్చింది. మా నలుగురం ఒక్క పండగ సేల్‌లో మార్చేస్తామట.

మా లెక్క చెప్తా. నలుగురికీ కలిపి యాభై దాకా డబ్బాలు ఉన్నాయి, అంటే వంద కప్లర్లు. ఇవి ఇండియాలో అన్ని చోట్లా దొరికే వస్తువులు కావు, బయటి నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ అదనం. జీతం వచ్చే నాలాంటి వాడికి అది ఒక మిడ్ రేంజ్ ఇయర్‌బడ్స్ ఖర్చు. మా గ్రూప్‌లో డిప్లొమా చదివే తమ్ముడికి కాదు. వాడి దగ్గర ఆరు డబ్బాలే ఉన్నాయి, అవి కూడా పాకెట్ మనీ దాచుకుని ఒక్కొక్కటి కొన్నవి. మేం ముగ్గురం 58కి పోతే వాడి నంబర్ 5 డబ్బాలు ఎలాగోలా కలుస్తాయి, పర్లేదు. సార్జెంట్‌కు పోతే? ఆదివారం వాడు తన ఆరు డబ్బాలు ఒడిలో పెట్టుకుని మా బండి చూస్తూ కూర్చోవాలి. ఇది హాబీ అండీ. పక్కవాడి డబ్బా మన బండికి తగిలించుకోవడమే ఇందులో ఉన్న మజా. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల బేస్‌మెంట్ లేఔట్ చూసి మనం కూడా అదే చేయాలనుకుంటే, వాళ్లు సొంత బేస్‌మెంట్‌లో సొంత డబ్బాలు మాత్రమే తిప్పుకుంటున్నారని గుర్తుంచుకోవాలి.

కాబట్టి నలుగురం కలిసి నడిపే వాటికి నా ఓటు: ఒకే ఎత్తు, ఒకే రకం పెట్టె, తల మాత్రం ఎవరిష్టం వాళ్లది. నంబర్ 5 లేదా 58, ఈ రెండూ కలుస్తాయి కాబట్టి. అసలు యూఎస్‌బీ పోర్టు అంటే తల కాదు, ఈ ఎత్తు, ఈ పెట్టె. యూరప్ మోడల్స్‌లో అయితే నెమ్ 362 అనే స్టాండర్డ్ సాకెట్ ఉంటుంది, కప్లర్ లాగేసి వేరేది గుచ్చేయొచ్చు. కేడీ వాళ్లు ఆ సాకెట్‌కు సరిపోయేవి కూడా 17 నుంచి 20 వరకు నాలుగు పొడవుల్లో అమ్ముతారు. ఇంట్లో త్రీడీ ప్రింట్ చేసే డబ్బాలకు కూడా ఆ సాకెట్‌నే డిజైన్‌లో పెట్టుకుంటే రేపు మనసు మారినా స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. కొత్త తల కొనే ముందు ఒక హైట్ గేజ్ కొనండి, లేదా రెజిన్ ప్రింటర్‌లో చేసుకోండి. మా డబ్బాలు మధ్యలో తెగిపోయేవి అన్నీ ఒక సాయంత్రం కూర్చుని కొలిస్తే, ఎక్కువ వాటికి సమస్య తల కాదు, ఎత్తే. బోగీ కింద పలుచటి వాషర్ వేస్తే సరిపోయింది.

అయినా స్కేల్ తల కావాల్సిందే అనే వాళ్ల వాదనలో నిజం లేదనను. బాక్స్‌ఎన్ లాంటి గూడ్స్ వ్యాగన్లకు అసలు రైల్వేలో ఉన్నది కూడా అమెరికన్ ఈ-టైప్ కప్లరే, దాన్ని కరెక్ట్ సైజులో పెట్టుకోవడం న్యాయమే. వ్యాగన్ చిన్నది, 12 సెంటీమీటర్లే, వంపులో ఇబ్బంది కూడా తక్కువ. ఎల్‌హెచ్‌బీలో కూడా ఒక పద్ధతి ఉంది. రేక్ లోపల డబ్బాలు విడదీయాల్సిన పనే లేదు కాబట్టి అక్కడ కప్లరే అక్కర్లేదు, మామూలు కడ్డీ చాలు, దగ్గరగా కూడా ఉంటాయి. రెండు కొసల్లో మాత్రం మంచి స్కేల్ తల. మాక్రో ఫొటో తీసేది ఆ కొసనే కదా. ఐసీఎఫ్ కోచ్‌కు మాత్రం 58 వేసి స్కేల్ అనకండి ప్లీజ్. స్క్రూ కప్లింగ్, బఫర్లు ఉండాల్సిన చోట ఎంత చక్కటి పిడికిలి పెట్టినా అది వేరే బండి కప్లర్ (తర్వాతి కాలంలో సెంటర్ కప్లర్ బిగించిన హైబ్రిడ్ ఐసీఎఫ్ కోచ్‌లు వేరే సంగతి).

బోధన్ బండికి ఇంకో రూల్

ఇక్కడే నా సొంత ప్రాజెక్ట్ వస్తుంది, అసలు నేను ఈ గొడవలో ఇంత లోతుకు దిగింది కూడా దాని వల్లే. జానకంపేట నుంచి బోధన్ పోయే బ్రాంచ్ లైన్‌ను పాత రోజుల్లో ఉన్నట్టు చేద్దామని. బోధన్ అంటే మా దిక్కు వాళ్లకు శక్కర్‌నగర్, శక్కర్‌నగర్ అంటే నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో పెట్టారు, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని చెప్పుకునేవాళ్లు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా తరానికి తెలిసింది తుప్పు పట్టిన గేటు, దాని గురించి ప్రతి ఎన్నికల్లో వినిపించే మాట. మా ఇంట్లో పెద్దవాళ్లు చెరకు బండ్ల వరుసల గురించి చెప్తుంటే మాకు సినిమా కథలా ఉంటుంది. ఆ లైన్‌ను బల్ల మీద కట్టాలంటే ‘కరెక్ట్‌గా ఉండడం’ అనేది నాకు స్పెక్ షీట్ వ్యవహారం కాదు. పోయిన దాన్ని తప్పుగా కట్టి పెడితే, రేపు చిన్న పిల్లలు అదే నిజం అనుకుంటారు.

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ పోయే లైన్ హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో 1900 ప్రాంతంలో మీటర్ గేజ్‌గా మొదలైంది, బోధన్ బ్రాంచ్ కూడా ఆ మీటర్ గేజ్ కుటుంబమే. బ్రాడ్ గేజ్ చాలా తర్వాత వచ్చింది. మీటర్ గేజ్ డబ్బాలకు పిడికిలి కప్లర్ కాదు, పక్క బఫర్లూ కాదు. మధ్యలో ఒకే గుండ్రటి బఫర్ పలక, దాంట్లోంచి ముందుకొచ్చి ఎదుటి డబ్బా మీద పడే కత్తిలాంటి కొక్కెం. మన రైల్వే భాషలో ఏబీసీ కప్లర్, బయట దేశాల్లో చాపర్ అంటారు. నరికినట్టు పైనుంచి కిందకు పడుతుంది కాబట్టి ఆ పేరు.

ఇప్పుడు చెప్పండి. ఆ బోధన్ గూడ్స్‌కు నేను నంబర్ 78 వేస్తే? తల సైజు వందకు వంద స్కేల్. ఉన్నది మాత్రం ఆ బండి మీద ఎప్పుడూ లేని వస్తువు. పాత తెలంగాణ పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు చేతికి స్మార్ట్‌వాచ్ ఉన్నట్టు, వాచ్ ఎంత పర్ఫెక్ట్‌గా ఉన్నా సరే. మా గ్రూప్‌లో "స్కేల్, స్కేల్" అనే వాళ్లకు నా ప్రశ్న అదే, దేనికి స్కేల్?

మజా ఏంటంటే, మీటర్ గేజ్‌కు మన అదృష్టం బాగుంది. 1000 మి.మీ.ను 87తో భాగిస్తే 11.5. మార్కెట్లో స్విస్ మీటర్ గేజ్ రైళ్ల కోసం వచ్చే హెచ్‌ఓఎం పట్టాలు 12 మి.మీ. తేడా అర మి.మీ. మాత్రమే. బ్రాడ్ గేజ్‌లో 2.7 మి.మీ. తేడా భరించే మనకు ఇది దాదాపు కరెక్ట్ అనే చెప్పాలి. ఇంజన్ కూడా వైజీ ఆవిరిదో, తర్వాతి రోజుల వైడీఎం-4 డీజిలో చేసుకోవచ్చు. ఇంకో లాభం, 12 మి.మీ. పట్టాల మీద మా ఫ్రెండ్స్ డబ్బాలు ఎలాగూ ఎక్కవు. అంటే నా కప్లర్ ఎవరితోనూ కలవక్కర్లేదు. ఎవరినీ పక్కన కూర్చోబెట్టేది లేదు. అందుకే ఇక్కడ నేను మొండిగా ఉంటా: ఆ బండికి చాపర్ కొక్కెమే, అది షాపులో దొరక్కపోయినా సరే. పంచుకునే పట్టాల మీద నంబర్ 5తో సర్దుకుపోయే నేను, ఒంటరి పట్టాల మీద అర మిల్లీమీటరు కూడా వదలను. రెండు నాల్కలు అంటారేమో అననీ.

దాన్ని ఎలా చేస్తున్నానంటే, రెజిన్ ప్రింటర్‌లో. 50 మైక్రాన్ల లేయర్‌తో బఫర్ పలక చక్కగా వస్తుంది. కొక్కెం దగ్గరే చిక్కు. మామూలు రెజిన్‌తో చేస్తే అది గాజులా పెళుసు, బండి కుదుపుకే విరుగుతుంది. ఏబీఎస్ లాంటి గట్టి రెజిన్‌తో చేసిన రెండో వెర్షన్ ఆరు డబ్బాలను సమతలం మీద లాగింది, వంపులో మాత్రం పైకి లేచి విడిపోతోంది. మూడో వెర్షన్‌లో కొక్కెం ముక్కు కింద చిన్న ఇనుప ముక్క పెడుతున్నా. బరువుకు దానంతట అదే పడి కూర్చోవాలని, అయస్కాంతంతో పైకి లేపొచ్చని. సార్జెంట్ గోళీ చూసిన దగ్గర్నుంచి బుర్రలో తిరుగుతున్న ఆలోచన ఇది. ఆ కప్లర్ నేను వాడను, దాని ఐడియా మాత్రం వదలను.

ఇక గ్రూప్ సంగతి. పోయిన ఆదివారం మాట అయిపోయింది. కొత్తగా కొనే గూడ్స్ వ్యాగన్లకు 58, పాతవి పాడైనప్పుడే మార్పు, ఎత్తు మాత్రం అందరిదీ ఒకే గేజ్‌తో కొలవాలి. సార్జెంట్ కావాలని పట్టుబట్టిన వాడికి ఒక డాంగిల్ ఇచ్చాం: ఒక కొసకు సార్జెంట్, ఇంకో కొసకు నంబర్ 5 ఉన్న ఒక బ్రేక్ వ్యాన్. వాడి రేక్ మా బండికి తగలాలంటే ఆ వ్యాన్ మధ్యలో ఉండాలి. దాని మీద రైల్వే నంబర్ బదులు ‘అడాప్టర్’ అని తెలుగులో రాయమన్నాం, ఇంకా రాయలేదు.